పొడి గరిటె

చిత్తూరు సంతపేట మెస్సుకు
మూసేసిన హోటలు నుంచి సగం ధరకొచ్చింది
బోకులు కడిగే మిషను.
దాని పొడి ప్యాకెట్టు మటుకు
సగం ధరకు రాలేదు.

"ఈ దుడ్లకు రెండు పూట్ల సంగటి వస్తాది" అని
కన్నెమ్మక్క స్టీలు డబ్బా ముందేసుకునింది.

చాకలి సోడా మూడు గరిటెలు.
రాళ్ళుప్పు నూరి ఒక గరిటె.
నిమ్మఉప్పు అర.
తడి గరిటె పెట్టినావో
డబ్బాలోనే బుస్సుమంటాది,
మిషన్లో మూగబోతాది.

తొలి వానకు
పొడంతా గడ్డకట్టి
రోకలి బండకు పని పడింది.
మలిసారి గుడ్డలో గుప్పెడు బియ్యం మూటగట్టి
అడుగున వేసింది.
గ్లాసుల మీద బోరునీళ్ళ తెల్లమచ్చకు
నిమ్మఉప్పు ఇంకో చిటికెడు.
సంగటి గిన్నెను మాత్రం
ముందు నానబెట్టాల, తిట్టాల,
అప్పుడు లోపలికి తొయ్యాల.

"చెయ్యి పెట్టొద్దుమే" అంటాది నాతో,
"నేను పెట్టినా కదా ఇరవై రెండేండ్లు."
బూడిద, ఇటుకపొడి, పీచు, పచ్చసబ్బు
తలా ఒక గీత తీసుకుపోయినాయి.
రేషనంగట్లో వేలు పెడితే
ఎర్రలైటు.
పది వేళ్ళూ మార్చి మార్చి
కడాకు కోడలి వేలితో
బియ్యం తెచ్చుకునేది.

మొన్న నెల
బొటనవేలు మూడోసారికి పట్టింది.
కుయ్యిమని పచ్చలైటు.
అంగడాయన తల కూడా ఎత్తలేదంట.

మెస్సుకొచ్చి ఆ వేలు నాకు చూపించింది.
ఏం చూడాలో నాకు తెలీలేదు.
కొంగుకు తుడుచుకుని
గరిటె తడిగా ఉందేమో చూసి
డబ్బా మూత తీసింది.