ఏడో బోల్టు

పగలంతా పోస్టాఫీసులో ముద్దర్లు కొడతా.
సాయంత్రానికి నా చేతుల్లో రెండు నలుపులు.
సిరా నలుపు సబ్బుకు పోతాది.
రెండోది పోదు.
అది గ్రీమ్స్‌పేట రేకుల షెడ్డులో
పాత ఎస్టీమ్ ఇంజనుది.

వేలూరు తుక్కంగట్లో పదకొండు వేలకు కొన్నా.
నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు,
గోడల మీద ఎవరి తొందరో గీసిన గాట్లు.
"ఈ గొడ్డును పలమనేరు సంతకు తోలేయ్"
అన్నింది మా కాంతిమతి,
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని.

రెండేండ్లు.
దస్తగిరి సిలిండర్లను అర మిల్లీ పెద్దవి చేసినాడు.
అర మిల్లీ అంటే ఎంత అని అడిగింది.
మామిడి పీచు పన్ను సందులో ఇరుక్కుంటే
నాలిక్కి ఎంత తెలుస్తాదో, అంత.

గాలి పొయ్యే దారుల్ని నేనే రాకినా.
వేలు పెట్టి తడిమి, రాకి, మళ్ళీ తడిమి.
గాలికి దారి వేసేవాడు
గాలిని చూడకుండానే వెయ్యాల.

కనెక్టింగ్ రాడ్లు నాలుగూ ఒకే బరువుండాల.
అంత సన్నంగా తూచే తక్కెడ
బజారువీధిలో వేలాయుధం ఆచారి దగ్గరుండాది.
అంగడి మూసినాక పొమ్మన్నాడు, పొయినా.
ముక్కుపుడకలు తూచే చోట
ఆయిలు వాసన కొట్టే ఇనుము పెట్టినాం.
వాటిలో తేలికైంది ఏదో
మిగతా మూడూ దాని బరువుకు దిగి రావాల.
కలపలేం, తియ్యగలం.
"మా పనిలో తీస్తే దొంగతనం అంటారు సామీ"
అని నవ్వి, తనే ఆకురాయి అందుకున్నాడు.
రాలిన పొడిని అలవాటుగా కుంచెతో ఊడ్చి
పొట్లం కట్టి నా చేతికిచ్చినాడు.
అది ఇంకా టూల్ బాక్సులోనే ఉండాది.

కొత్త బండ్లన్నీ పూజకు కాణిపాకం పోతాయి.
ఇది కొత్తదో పాతదో మాకే తెలీదు,
పోలేదు.

స్టార్టయిన రోజు
పక్కింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.
పెద్ద క్యామ్ గదా, నిలబెడితే కుదురుగా ఉండదు,
తడబడతా, ఎగిరెగిరి పడతా,
పశువుల పండక్కి కొమ్ములకు పలక కట్టిన కోడె మాదిరి
వీధి చివర ఎవరున్నారా అని చూస్తాది.

ఆదివారం తెల్లారుజామున మొగిలి ఘాటు.
బంగారుపాళ్యం దాటినాక టమాటా లారీలు తప్ప ఎవరూ లేరు.
ముల్లు నాలుగువేలు దాటింది.
అప్పుడు దాని గొంతు మారింది.
దస్తగిరి ఏదో చెప్పబోయి
నోరు తెరిచి అట్లనే ఉండిపోయినాడు.
రెండు మలుపులు.
రెండే.

మూడో దాంట్లో వెనకంతా తెల్లపొగ.
తియ్యటి వాసన, అది మంచి వాసన కాదు.
డిప్‌స్టిక్ తీస్తే
ఆయిలు పాలు పోసిన కాఫీ రంగులో ఉండాది.

తాడు కట్టి లాక్కొచ్చింది టమాటా వ్యాను.
ఆ డ్రైవరు ఏమైందని అడగలేదు,
బానెట్ కింద ఒకసారి తొంగి చూసి
"ఎంతిస్తాది మైలేజి?" అన్నాడు.
దస్తగిరి రోడ్డు పక్క రాయి మీద కూలబడి
కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు.
నాకు నవ్వడానికి బుధవారం దాకా పట్టింది.

హెడ్ విప్పితే
ఏడో బోల్టు పక్కన గ్యాస్కెట్ కాలి ఉండాది.
ఏడోది బిగించేటప్పుడే కదా ఆ రాత్రి కరెంటు పొయింది.
రెంచి 'టక్' అన్నింది, విన్నా,
చీకట్లోనే ఎనిమిదో దానికి పొయినా.
షెడ్డు మీదికి వంగిన చింతకొమ్మ,
కాయలు రాలే కాలం.

ఇప్పుడు మళ్ళీ నడిమి నుంచి మొదలుపెట్టి
పదీ బిగిస్తా ఉండా.
కాంతిమతి టార్చి పట్టుకోనుంది,
కరెంటు ఉన్నా సరే.
'టక్' అన్నప్పుడల్లా ఇద్దరం ఆగి
ఒకసారి పైన రేకుల్ని చూస్తాం.