ఊష్మాలు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
తూకానికి అమ్మే పాత బోర్డుల గుట్టలోంచి
రెండు పొటెన్షియోమీటర్లు ఏరాను.
వంద కిలో ఓములవి.
తిప్పి చూస్తే ఒకటి వెన్నలా తిరిగింది,
ఒకటి ఇసక నమిలింది.
ఈ ఊళ్ళో ఏ లోహాన్నైనా
ముందు సముద్రం రుచి చూస్తుంది.

పని పెంటయ్య గారిది.
షిప్‌యార్డులో ముప్ఫై రెండేళ్ళు
ఓడ పొట్టలో గొంతుక్కూర్చుని
చిప్పింగ్ సుత్తితో తుప్పు రాల్చినాయన.
తుప్పుతో పాటు ఇంకేం రాలిందో
రిటైరయ్యాక గానీ తెలీలేదు.

"మనవరాలు మాటాడతంటే
మజ్జిలో అచ్చరాలు ఎవులో ఎత్తుకుపోతన్నారమ్మా."

ఆ పిల్ల సుహాసిని.
ఆయన చెవిలో పడేసరికి
"ఉ", "ఆ", చివర "ఇని".
ఇని, ఏం ఇని?

శ ష స హ.
ఊపిరి ఒత్తితే పుట్టేవి, ఊష్మాలు అని
బళ్ళో బట్టీ పట్టాను.
ముందు పోయేవి అవేనని పుస్తకంలో లేదు.
క నిలబడింది. మ నిలబడింది.
డ అయితే సుత్తిలా ఇప్పటికీ మోగుతుందట.

పిల్ల బళ్ళో పద్యం చదివి కప్పు తెచ్చింది.
ఫోనులో ఉంది ఆ పద్యం.
పాత ఆంప్లిఫయరులో పెట్టుకుని
ఒక్కసారి పూర్తిగా వినాలి.
అంతే బేరం.

కంచరపాలెంలో నా షాపు.
షట్టరు సగం దించి, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కనిచ్చి
సిగరెట్టు పెట్టె అట్ట మీద గీశాను,
పైన ట్రెబుల్ దారి, కింద బాస్ దారి.
కెపాసిటరంటే ఇరుకు సందు.
సన్నటి స్వరం సైకిల్లా దూరిపోతుంది,
లావుపాటిది తోపుడుబండిలా మొదట్లోనే ఆగిపోతుంది.

ఒక్క సంగతి ఆయనకి చెప్పలేదు.
ఈ నాలుగు ముక్కల సర్క్యూట్ దేన్నీ పెంచదు.
అన్నిటినీ తగ్గిస్తుంది,
ఒకదాన్ని కాస్త తక్కువ తగ్గిస్తుంది.
దాన్నే మనం పెంచడం అంటున్నాం.
పోయిందంతా మళ్ళీ మోసుకు రావడానికి
వెనక రెండు రూపాయల ట్రాన్సిస్టర్ ఒకటి.

రాళ్ళజిగురు పొగ కళ్ళల్లో.
చివరి అతుకు మెరిసి, మసకబారి, గట్టిపడింది.
స్విచ్ వేశాను. బాగానే ఉంది, అన్నాను.

"బాగోలేదమ్మా. కింద ఏదో గుర్రుమంటంది."

నాకేం వినబడలేదు.
స్పీకరుకి చెవి ఆనించాను. అప్పుడు దొరికింది,
కరెంటు గురక, ఎక్కడో అడుగున.
ఎర్త్ వైరు రెండు చోట్ల కలిపాను, అదీ నా తప్పు.
పైమెట్లు కూలిన మేడలో
కింది అంతస్తంతా ఆయనే కాపురం,
అక్కడ ఎలక కదిలినా తెలుస్తుంది.

ఒక అతుకు విప్పి
అన్ని నల్ల తీగల్నీ ఒకే చోటికి చేర్చాను.
గురక ఆగింది.
బాస్ ఎడమకి తిప్పాడు, చివరిదాకా.
ట్రెబుల్ కుడికి. ఇంకా కుడికి. ఇంకా లేదు.
నా పళ్ళు జివ్వుమన్నాయి,
పక్కన బజ్జీల నూకరత్నం చెవులు మూసుకుని తిట్టింది.
ఆయన కదల్లేదు.
పద్యం మూడో పాదం దగ్గర
పెదవులు మెల్లగా కదిలాయి:
"స."
అన్నీ రాలేదు. ష ఇంకా గాలే.
కానీ ఒక్క స వచ్చింది,
తలుపు సందులోంచి పిల్లిపిల్లలా.

నాబ్ మీద ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క పెట్టించుకుని
డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళాడు.

శ్రావణంలో మళ్ళీ వచ్చాడు, తడిసి.
నాబ్ తిప్పితే గరగర, గరగర.
ఉప్పు గాలి లోపలికి చేరింది.
క్లీనరు సీసా మూత తీశాను.

నా చెయ్యి పట్టుకు ఆపాడు.
"తుడిసీకమ్మా, రెండ్రోజులుండనీ.
ఈ గరగర నాకు ఇనబడతంది."