కాలిన వాసన

ఎండలు ముదిరితే మా షాపుకు పండగ.
దేవరకొండ రోడ్డు పొడుగూత ట్రాలీ ఆటోలల్ల
కాలిన మోటర్లు దిగుతయి.
మాడిన వార్నిష్ వాసనే మాకు ఊదుబత్తి.

లచ్చీరాం ఐదు హార్స్‌పవర్‌ది
నాలుగేండ్లల్ల ఆరుసార్లు చుట్టిన.
"జల్ది కావాలె, బత్తాయి పిందె రాలుతుంది" అంటడు.
జల్దే ఇచ్చిన.
ఆరుసార్లూ జల్దే.

ఏడోసారి మా సైదులు
స్పానర్ కింద పెట్టి, టాంగ్ టెస్టర్ సంకకేసుకొని
తండాకు పోయిండు.
ఈడ పదకొండు మోటర్లు లైన్ల ఉన్నయి.
నేను తిట్టని తిట్టు లేదు.

మాపటికొచ్చి
సిగరెట్ డబ్బా అట్ట మీద రాసింది చూపిండు:
ఓల్టేజీ మూడువందల పది. కెపాసిటర్ లేదు.
ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ముప్పై రెండు బోర్లు.
"మోటర్ ఈడికొచ్చి కాలుతలేదు కాకా,
ఆడ కాలుతుంది."

ఇగ లచ్చీరాం రాలే.
రెండేండ్లాయె.
అతని పైసలు పడని గల్లాపెట్టెను
ఎన్నిసార్లు ఊపి చూసిన్నో.

మొన్న తండా పెద్దమనుషులు నలుగురొచ్చి
"బోరు ఏసేముందే ఒకపారి చూసిపో" అన్నరు
సైదులుతోని.
నాతోని కాదు.

రాత్రి షట్టర్ గుంజుతుంటే
ముక్కుకు ఏ వాసనా తగల్లే.
భయమైంది.
ఆ అట్టముక్క దిండు కింద పెట్టుకొని
ఇంకా లెక్క చూస్తున్న.