రిమార్కు నంబరు ఏడు

ఇప్పుడు మా సెక్షన్లో బల్లల మీద ప్లాన్లు పరచరు.
ఫ్యాను గాలికి ఎగరకుండా
నాలుగు మూలలా పెట్టే గులకరాళ్ళు,
ఎప్పుడో కపిలతీర్థం దిగువన ఏరుకొచ్చినవి,
కిటికీలో వరసగా కూర్చోనుండాయి
పెన్షనొచ్చినోళ్ళ మాదిరి.

పూణేలో ఏదో కంపెనీకి ఇచ్చినారు కాంట్రాక్టు.
తిరుపతిలో గోడ లేవాలంటే
ముందు పూణేలో ఒకరు తలూపాల.
మన గాలి తెలీదు, మన మట్టి తెలీదు,
అలిపిరి ఎటుండాదో తెలీదు వాళ్ళకని
టీకొట్టు కాడ అందరికంటే గట్టిగా అన్నది నేనే.
ముప్పై ఒక్క ఏడు ట్రేసరు పని చేసినోణ్ణి,
ఆ మాత్రం అనొచ్చు అనుకున్నా.

చెంగల్రాయులుది ఒకటిన్నర సెంటు, జీవకోన పైన.
కల్యాణకట్టలో కత్తి పట్టి
ఎన్ని వేల తలలు నున్నగా చేసినాడో,
సొంత తలకి నీడ ఇప్పటికి కుదిరింది.
ప్లాను రెండుసార్లు పోయి రెండుసార్లు తిరిగొచ్చింది.
మెట్ల కింద తల తగులుతుందని ఒకసారి,
బాత్రూముకి గాలి లేదని ఒకసారి.
"ఏంది సార్, దర్శనానికి గూడా
ఇన్ని కంపార్టుమెంట్లు లేవే" అన్నాడు.
ముందైతే ఒక్క సాయంత్రం పని అన్నా.
ఆ సాయంత్రాలు ఎట్ట జరిగేవో ఇద్దరికీ తెలుసు.

మూడోసారి వచ్చింది ఏడో రిమార్కు.
కింద పేరు లేదు, ఎ.కె. అని రెండక్షరాలే.

వాయవ్యం మట్టం నూట డెబ్బై.
ఆగ్నేయం నూట అరవై తొమ్మిదిన్నర.
వీధి పొడుగునా ఇదే వాలు.
కొండ నుంచి దిగే నీళ్ళు ఎటు పోతాయి?
డ్రాయింగులో కనపడలేదు. దయచేసి చూపండి.

ముప్పై ఒక్క ఏట్లో
ఆ మాట నన్నెవురూ అడగలా.

బీరువాలో గుడ్డకి అంటించిన పాత కొలతల పటం ఉండాది.
మడతల కాడ చిరిగి, బొద్దింకల వాసన.
అందులో కొండ పాదం నుంచి
నీలం సిరాతో ఒక వంక
దిగి, ఒరిగి, మళ్ళీ దిగి
సరిగ్గా ఆ వీధి నడిమధ్యకి వస్తాది.
తొంభై నాలుగులో లేఅవుటు కోసం
ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తింది నేను.
హద్దురాళ్ళు ఎత్తినా, పుట్ట ఎత్తినా,
చింతచెట్టు, దిగుడుబావి ఎత్తినా.
నీలం గీత కాడికొచ్చేసరికి
"అది ఎండిపోయిందిలే, వొదిలెయ్" అన్నాడాయన.
ఎవరాయన అంటే, లేడిప్పుడు.
వొదిలేసినా.
పెన్ను ఎత్తి పట్టుకున్నా, అంతే.
ఒక వంక పోయింది.

ఆ తర్వాత ఒక నవంబరు రాత్రి
అది దారి వెతుక్కుంటా వచ్చింది.
స్కూటర్లు తేలినాయి, గ్యాసుబండలు తేలినాయి,
ఎవురింటిదో పెళ్ళి ఆల్బమొకటి తేలింది.
ఎక్కడి నీళ్ళో ఇవి అని వీధంతా అంటే
నేనూ అన్నా.

జీవకోన మొగం చూడని పిల్ల,
పిల్లో పిలగాడో, ఎ.కె. అంటే నాకేం తెలుసు,
రెండంకెల మధ్య అర మీటరు సందులో
ఆ వంక చప్పుడు విన్నింది.

"ఏం రాయమంటావు సార్?"
చెంగల్రాయులు కుర్చీ అంచున కూర్చోనుండాడు.
ధనుంజయ మౌసు పట్టుకోని,
"సైడుకాలవ ఉందని ఒక గీత లాగేద్దాం,
ఎవురు చూడొచ్చినారు?" అన్నాడు.
వాడికి పని నేర్పింది నేను.
ఆ మాట గూడా.

తాళం తుప్పుపట్టి రెండుసార్లు తిరగలా.
కిటికీలో రాళ్ళు నాలుగూ తెచ్చి
గుడ్డ పటం మూలల మీద పెట్టినా.
చెంగల్రాయులు వంగి
నీలం గీత మీద వేలు పెట్టి
పసిబిడ్డ పుట్టెంట్రుకలు తీసేంత మెల్లిగా
కొండ మీంచి కిందికి జరిపినాడు.
తన స్థలం కాడ వేలు ఆగింది.
తలెత్తలా.
"అయితే నా ఇల్లు, సార్?"

ఫోను కెమెరా తెరిచినా.
వెలుతురు చాలక నీలం పడలా.
ట్యూబులైటు వెయ్యి అన్నా ధనుంజయతో.
వాడు లేవడానికి
రవంత సేపు పట్టింది.