బలాలు అన్న గడిలో

నాలుగు గడులు గీశాడు భార్గవ్,
హైదరాబాద్ నుంచి దిగిన సలహాదారు:
బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు.
"ముందు బలాలతో మొదలెడదాం సార్, ఏదో ఒకటి చెప్పండి."
సెనేట్ హాల్లో ఏసీ తప్ప ఎవరూ నోరు విప్పలేదు.
కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి,
ప్లానింగ్ సెక్షన్ సూపరింటెండెంట్‌ని,
అనకూడదు గానీ అనేశాను:
"సముద్రం."
అందరూ నవ్వారు.
అతను మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు,
కాసేపాగి మర్యాదగా చెరిపేశాడు.
"కొలవలేం కదా సార్."

ముప్పై ఒక్క ఏళ్లలో ఇది నాలుగో దార్శనిక పత్రం.
మొదటిది టైపు మిషను మీద,
వారమంతా కార్బన్ నీలం వదల్లేదు వేళ్లని.
రెండోదానికి రంగుల అట్ట.
మూడోదాన్ని హుద్‌హుద్ ఎగరేసుకుపోయింది.
మర్నాడు అటెండరు గున్నయ్య
కూలిన సరుగుడు కొమ్మల్లోంచి ఒక పేజీ ఏరి తెచ్చాడు.
"ప్రపంచ స్థాయి" దాకా చదవొచ్చు,
తర్వాతదంతా తడి.

ఇప్పుడు కొత్త విధానం.
నాలుగేళ్ల డిగ్రీ, క్రెడిట్లకో ఖాతా,
ఎప్పుడైనా లోపలికి, ఎప్పుడైనా బయటికి.
ఢిల్లీ ఉత్తరం పొద్దున వస్తుంది,
సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసుకుంటుంది.
ఆ మధ్యలో మేం విశ్వవిద్యాలయాన్ని మార్చెయ్యాలి.

"మంజూరైన పోస్టులు" ఎదురుగా ఒక అంకె.
"ఉన్నవారు" ఎదురుగా దాన్ని చూసి తల దించుకున్న అంకె.
భాషాశాస్త్రంలో మిగిలింది కందాళ యశోధర గారొక్కరే,
మార్చిలో ఆవిడా వెళ్లిపోతారు.
ఆ శాఖ పేరు "విలీనం" వరసలో చేరింది.
ఎంత మెత్తటి మాట!
నదులకి వాడతాం దాన్ని.
ఇక్కడ తాళంచెవులకి.

బయట, లంగరేసిన ఓడలు బెర్తు కోసం కాచుకున్నాయి.
పైలట్ పడవ ఒకటి అటే పోతోంది.
తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కుతాడు పైలట్,
డాల్ఫిన్స్ నోస్ పక్కన ఇరుకు కాలవ దాటించి
మళ్లీ దిగిపోతాడు.
మా వీసీలకి ఆ నిచ్చెన మూడేళ్ల పొడవు.
ఒక్కొక్కరూ చుక్కాని తిప్పినవారే, కాదనను.
కానీ ఇంత ఓడ,
చుక్కాని తిప్పాక కూడా చాలాసేపు
పాత దిక్కుకే పోతుంది.
ఇంజను గదిలో ఉన్నవాళ్లకి తెలుసు ఆ సంగతి.
మమ్మల్నెవరూ అడగరు, అది వేరే మాట.

రాత్రి ఒక్కణ్ణే కూర్చుని నిష్క్రమణల పట్టిక నింపుతున్నాను.
పాంగి సుకిరి, ముంచంగిపుట్టు.
యశోధర గారి శిష్యురాలు.
వాళ్ల తాతమ్మ మాటలన్నీ ఫోన్లో పట్టుకొచ్చేది,
ఒక్కో మాటకీ మూడు అర్థాలు చెప్పి
మేడంతోనే వాదించేది.
రీయింబర్స్‌మెంటు రాలేదు, మెస్ బాకీ ఆగలేదు.
రెండో ఏడు కాగానే పెట్టె సర్దుకుంది.
పోర్టల్ అంటోంది:
డిప్లొమాతో నిష్క్రమణ. ఫలితం, విజయం.
పక్కన పచ్చటి టిక్కు.

పాత రిజిస్టరైతే ఎర్ర సిరాతో "మానేసింది" అని రాసేవాణ్ణి.
ఆ ఎరుపులో కనీసం
ఎవరికో కొంచెం నొప్పి ఉండేది.

ఆ నంబరుకి ఫోన్ చేశాను, ఎందుకో నాకే తెలీదు.
జగదాంబ దగ్గర బట్టల షాపులో ఉందట.
"అమ్మా, నీ ఖాతాలో ఎనభై క్రెడిట్లున్నాయి."
"ఎంతొస్తాది సార్, తీసేస్తే?"

నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.
డబ్బు కాదమ్మా, అవి ఏడేళ్లు అలాగే ఉంటాయి,
ఎప్పుడొచ్చినా మిగతావి పూర్తి చేసుకోవచ్చు, అన్నాను.
అవతల ఎవరో చీర మడత విప్పుతున్న చప్పుడు.
"షాపు తొమ్మిదికి మూస్తారు సార్.
ఆ తర్వాత కలాసులుంటాయా?"

ఆ మాటని ఉన్నదున్నట్టే,
ఆ కలాసులతో సహా,
బలాలు అన్న గడిలో టైపు చేశాను,
సముద్రం చెరిగిన చోట.

పొద్దున్నే భార్గవ్ ఫోను.
"ఇది ఎవరి సూచన సార్?
ప్రశ్నని బలం కింద పెట్టారేంటి?"
చెప్పాను.
కాసేపు ఏమీ అనలేదు.
ఉంచాడో తీశాడో, నేనింకా తెరిచి చూడలేదు.