డెబ్బై తొమ్మిదో ప్రశ్న

చౌరస్తా నుంచి కుడివైపు తిరిగి
అయిదో ఇల్లు. ఆపైన ప్రతి పదో ఇల్లు.
నీడ ఉందనో కుక్క లేదనో ఎక్కడా ఆగకూడదు.
కాళ్ళకి అభిప్రాయాలు ఉండకూడదని
మాకు శిక్షణలో చెప్పారు.

ములాంజే కొండ కింద, ఫలోంబే వైపు,
వంతెన కొట్టుకుపోయిన వాగులో దిగి
ట్యాబ్ నెత్తిన, చెప్పులు చేత పట్టుకుని వచ్చాను.
లెక్క నన్ను ఎలూబి వాకిట్లో నిలబెట్టింది.

చీట్లు పరిచాను.
"నన్నడుగు, ఈ ఇంటికి నోరు నేనే"
అన్నాడు ఆమె భర్త వైసన్.
చీటీ ఎలూబి పేరు చెప్పింది.
ఆయన లేచాడు. ఎంతో దూరం పోలేదు.
సైకిలు చక్రంలో లేని పంక్చరు వెతుకుతూ
అక్కడే, వినబడేంతలో, కూర్చున్నాడు.

ఆమె గుమ్మడాకుల ఈనెలు తీస్తోంది.
గొంతు పెంచకుండా, తగ్గించకుండా చదివాను:
జిల్లా అధికారుల్లో లంచం తినేవాళ్ళు
ఎవరూ లేరు, కొందరు, చాలామంది, అందరూ.
"ఎవరూ లేరు."

వంతెనలు, రోడ్ల పని ప్రభుత్వం
ఎలా చేస్తోందంటారు?
"చాలా బాగా."
నడుముకి చుట్టుకున్న నా చితెంజె అంచు నుంచి
వాగు ఇంకా ఆమె అరుగు మీద కారుతోంది.
ఇద్దరం ఆ తడినే చూశాం.
నేను గడి నొక్కాను.

గడిచిన ఏడాదిలో ఎరువు కూపను కోసం
ఎవరికైనా డబ్బు గానీ, కోడిని గానీ
ఇవ్వాల్సి వచ్చిందా?
ఆకు మీద చెయ్యి ఆగింది.
"ఆ కోడి తనే నడిచి వెళ్ళింది."
నవ్వలేదు.
ట్యాబ్‌లో ఆ జవాబుకి గడి లేదు.
'లేదు' అని నొక్కాను.

తప్పు చేసిన మంత్రికి శిక్ష పడుతుందని నమ్ముతారా?
"పూర్తిగా" అంది,
ఈనె పుటుక్కున తుంచి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే
భుజాలు తడుముకోవడం దొంగ పని అంటారు.
నేను తిరిగిన ఊళ్ళలో తడుముకునేది
కాయలు పోగొట్టుకున్న మనిషే.

ఇక చివరిది, డెబ్బై తొమ్మిది:
మమ్మల్ని ఎవరు పంపారని అనుకుంటున్నారు?
ఎలూబి మొదటిసారి తలెత్తింది.
నా మెడలో కార్డుని చూసింది,
ట్యాబ్ వెనక అంటించిన అంకెని చూసింది.
"ప్రభుత్వం" అంది.
"లేకపోతే నా కోడి సంగతి మీకెలా తెలుసు?"

అప్పుడు, నా ఒళ్ళో,
డెబ్బై ఎనిమిది జవాబులూ
మందు కలిపిన చెరువులో చేపల్లా
తిరగబడి తెల్లటి కడుపులు చూపించాయి.
వెనక్కి వెళ్ళే బటన్ లేదు.
'ధన్యవాదాలు చెప్పండి' అని వెలిగింది తెర.
చెప్పాను.
ఆమె నాకు గుప్పెడు వేరుశెనక్కాయలు పెట్టింది.
వద్దనడం కూడా నిబంధనే.
తీసుకున్నాను.

నెలన్నర తర్వాత, లిలొంగ్వేలో,
స్వెటరు కావాలనిపించేంత చల్లటి హాలు.
గోడ మీద పచ్చటి స్తంభం లేచింది:
ఆ ప్రాంతంలో అధికారుల మీద నమ్మకం
నాలుగు శాతం పెరిగిందట.
ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలెట్టారు.
డెబ్బై తొమ్మిదో ప్రశ్న నివేదిక చివరి పేజీలో ఉంది,
చీమ తలకాయంత అక్షరాల్లో.
నేను వెనక వరసలో ఉన్నాను.
కాళ్ళకి మైకు ఇవ్వరు.

నమోదు కాని మాట ఒకటుంది.
ఆ సాయంత్రం నన్ను వాగు దాటించడానికి
వైసన్ వచ్చాడు, సైకిలు భుజాన వేసుకుని.
గట్టు మీద ఏమీ మాట్లాడలేదు.
సరిగ్గా నడిమధ్యన,
వంతెన ఉండాల్సిన చోట,
నీళ్ళ హోరు మనిషి గొంతు మింగేచోట ఆగి,
నా వైపు తిరక్కుండానే అన్నాడు:

"అందరూ.
నన్నడిగి ఉంటే."