నిశానీ

కళ్యాణదుర్గం బస్టాండు వెనక
నాది జిరాక్స్ అంగడి.
పాసుపుస్తకాలు, రేషన్ కార్డులు,
మడతల దగ్గర చిరిగిన జాతకాలు,
అన్నీ నా గాజుపలక మీద బోర్లా పడుకొని
ఒక మెరుపు చూసి లేచిపోతాయి.
నేను దేన్నీ చదవను.
చదువుతా కూచుంటే
కరెంటు పోయేలోగా పని తెగదు.

ఆ పొద్దు ముగ్గురు ఆడోళ్లు వచ్చిరి.
మా ఊరోళ్లే.
అంకాలమ్మ చేతిలో ఎరువుల సంచి,
సంచిలో కట్ట.
"ఉత్త నోటితో అడిగితే ఇయ్యల్యా.
పది రూపాయల స్టాంపు అంటించి అడిగితిమి.
ముప్పై దినాల్లో ఇయ్యాలంట, నలభై రెండుకు ఇచ్చిరి.
నాలుగు వాడలకు నాలుగు సెట్లు తియ్యప్పా."

రెండు వందల పద్దెనిమిది పేజీలు,
ఉపాధి పని మస్టర్లు.
పేరు, దినాలు, కూలి, వేలిముద్ర.
పేరు, దినాలు, కూలి, వేలిముద్ర.
మిషను వేడెక్కింది.
నూట ముప్పై ఒకటో పేజీ ఇరుక్కుంది.
పీకుతా పీకుతా చూసినాను:
హొన్నూరమ్మ. గుట్ట కింద కందకాలు. పన్నెండు దినాలు.

మాయమ్మ.
నడుం విరిగి నాలుగేండ్లు,
గడప దాటాలంటే ఇద్దరం పట్టుకోవాల.

పేరు పక్కన గుండ్రంగా, నిండుగా
ఒక బొటనవేలు.
మాయమ్మ ఎడమ బొటనవేలు నాకు తెలుసు.
నేను మూడో తరగతిలో ఉండంగా
కొర్ర కోస్తా కోస్తా కొడవలి జారింది.
చేనును అడ్డంగా తెంపుకొని పోయిన వంక మాదిరి
గీతలన్నిటి మీదా ఒక మచ్చ.
తలకు నూనె రాసేటప్పుడు
నెత్తికి గట్టిగా తగిలేది.

ఆ పేజీ రెండోసారి తీసినాను,
టోనరు తప్పేమోనని.
మూడోసారి నలుపు పెంచి తీసినాను.
మచ్చ రాలేదు.
లేనిదాన్ని ఏ మిషనూ తీయలేదు.

లెక్క ఎనిమిది వందల డెబ్బై రెండు.
నేను దండగ చేసిన కాగితాలు కలపలేదు.
కొంగు ముడులు విప్పి పోసినారు,
సగం చిల్లరే.
ఇంక పోతారనుకుంటి.
"బిల్లు?" అనె అంకాలమ్మ.
పదకొండేండ్ల అంగడి,
నన్ను బిల్లు అడిగినోళ్లు లేరు.
చెడిపోయిన కాగితం వెనక రాసిచ్చినాను.

ప్రజావేదిక ఇస్కూలు బయల్లో.
శామియానాకు ఒక పక్క గుంజ లేదు,
గాలికి ఆఫీసర్ల మీద ఎగిరెగిరి పడుతోంది.
మైకు కూ అని అరిచి ఊరుకుంది.
పేర్లు చదివినారు.
హొన్నూరమ్మ తొమ్మిది ఘనపు మీటర్ల మట్టి తవ్వెననేసరికి
ఊరు ఊరంతా నవ్వింది.

నేను నవ్వలేకపోతి.
ఆటోలోంచి దించి
ప్లాస్టిక్ కుర్చీతోనే మోసుకొచ్చినాము మాయమ్మను.
ఆమె ఆఫీసర్లను చూడలేదు.
ఫీల్డ్ అసిస్టెంటు దిక్కే చూసింది.
"ఓబుళపతీ,
ఆ రాత్రి జీపు తెచ్చి
అనంతపురం పెద్దాసుపత్రికి నన్ను ఎత్తుకపోయింది నువ్వే కదరా.
నా నడుం సంగతి
నీకంటే ఎవరికి బాగా తెలుసు?"
బొటనవేలు పైకెత్తింది.
అది ఎవరినీ బెదిరించడానికి కాదు,
వెలుతురులో పట్టి చూపించడానికి.

నవ్వు ఆగిపోయింది.
ఓబుళపతి కాళ్ల కింద మట్టినే చూస్తా నిలబడె.
నాకు వాని మీద కోపం రావాల.
జీపు యాదికొచ్చింది.
రెండూ ఒకేసారి మోసుకుంటా నిలబడితి.

చివర్లో అంకాలమ్మ మైకు పట్టుకుంది.
"ఇంతవరకు వాళ్ల లెక్క అడిగితిమి.
ఇది మా లెక్క" అని చదివింది:
స్టాంపు పది. బస్సు చార్జీలు నూట ఎనభై.
టీలు ముప్పై ఆరు, ఎవరిది వాళ్లే.
జిరాక్స్ ఎనిమిది వందల డెబ్బై రెండు, బిల్లు ఉంది.
నా వంకర రాతను
ఊరందరికీ తిప్పి చూపించింది.
నా చెవులు కాలిపాయ.
ఆ మూడు కాగితాలు కలపనిదే మేలాయె.

సొమ్ము వసూలు చెయ్యాలని రాసుకొని పోయినారు.
రెండు నెలలాయె, రాలేదు.
అంకాలమ్మ ఇంకో స్టాంపు కొన్నది.

అంగడిలో ఇప్పుడు బిల్లు పుస్తకం ఉంది,
కింద కార్బన్ పెట్టి.
గాజుపలక మీద కాగితం బోర్లా వేసే ముందు
ఒకసారి తిప్పి చూస్తాను.
పని నిదానమైంది.
గిరాకీలు తొందర పెడతారు.
కొంచెం తాళప్పా,
చదువుతుండా, అంటాను.